క్లినిక్ నుంచి సైట్‌కి: కొత్త ఫిజియోలకు మనం చెప్పగలిగింది

ఫిజియోథెరపీ గురించి మాట్లాడమని బిల్డింగు పనులు చూసుకునే మమ్మల్ని పిలిచారేంటని కొందరికి అనిపించొచ్చు. మాకూ అనిపించింది. డిప్లొమా చదివి సైట్లు పట్టుకున్నవాళ్లం, కండరాల పేర్లు మాకు తెలియవు. కానీ పోయిన చలికాలం మా బ్రాంప్టన్ సైట్‌లో జరిగింది చెప్తాం. అందులో తప్పు మాదే, ముందే చెప్పేస్తున్నాం.

డ్రైవాల్ పనిచేసే మా కరీంనగర్ తమ్ముడొకడికి సీలింగుకు షీటు ఎత్తేటప్పుడు కుడి భుజం పట్టేసింది. 12 అడుగుల ఫైవ్-ఎయిట్ షీటు అంటే 100 పౌండ్ల పైమాటే. "రెండ్రోజులు చూద్దాంలే, ఇప్పుడే ఫారాలెందుకు" అన్నాం. అవర్స్ పోతాయని వాడూ నోరెత్తలేదు. పది రోజులు బామ్ రాసుకుని పనిచేశాడు. లంచ్‌లో ఎడమచేత్తో స్పూను పట్టుకుని తింటుంటే, కెనడా గాలి సోకిందిరా నీకు అని నవ్వాం కూడా.

చివరికి క్లినిక్‌కి పోయాడు. అక్కడ గుంటూరు వైపు అమ్మాయి అసిస్టెంటుగా చేస్తోంది. మన దగ్గర నాలుగున్నరేళ్లు బీపీటీ చదివినా, ఇక్కడ సర్టిఫికెట్ల పరిశీలన, పరీక్ష, అంటారియో కాలేజీలో రిజిస్ట్రేషన్ అన్నీ అయ్యేదాకా ఫిజియోథెరపిస్టునని చెప్పుకోకూడదు. వాణ్ణి చూసింది సీనియర్ మేడం. ఈ అమ్మాయి పక్కనుండి తెలుగులో అడిగింది. నొప్పి పదికి ఎంత అంటే మనవాడు "రెండు మేడం, పర్లేదు" అన్నాడు. ఆమె రెండనే చెప్పేసింది. అప్పుడు సీనియర్ అన్నారట, నంబరు పక్కన పెట్టు, పొద్దున లేచిందగ్గర్నుంచి ఆ చేత్తో ఏం చేస్తున్నాడో, ఏం మానేశాడో అడుగు అని. అడిగితే బయటపడింది. చొక్కా రూమ్మేటు తొడుగుతున్నాడు. అన్నం ఎడమచేత్తో తింటున్నాడు. మనూరి మనిషి పది రోజులు ఎడమచేత్తో అన్నం తిన్నాడంటే అది రెండు కాదని ఆ అమ్మాయికి వెంటనే తట్టింది. రోజూ పక్కనే కూర్చుని తిన్న మాకు తట్టలేదు.

వాడు సరేనన్నాకే ఆమె మాకు ఫోన్ చేసింది. షీటు బరువెంత, చెయ్యి తలపైన ఎంతసేపు ఉంటుంది, నిచ్చెన ఎన్నిసార్లు ఎక్కుతాడు, అన్నీ సీనియర్ అడగమన్నవే. తేలిక పని ఇస్తాం, ఊడ్పిస్తాం అన్నాం. "ఊడవడం భుజానికి తేలిక కాదన్నా" అంది. చివరికి గేటు దగ్గర సామాను లెక్క రాసే పని ఇచ్చాం. తర్వాత ఒక శనివారం ఆమె, తనలాంటి ఇంకో ఇద్దరు హార్డ్ హ్యాట్లు పెట్టుకుని సైట్‌కొచ్చారు. ఇద్దరు కలిసి షీటు ఒక కొస ఎత్తి, దించేశారు. "అన్నా, మా పుస్తకంలో దీన్ని ఓవర్‌హెడ్ యాక్టివిటీ అని ఒక్క ముక్కలో రాస్తారు" అంది.

కార్మికులకు రెండు మాటలు. వైద్యం అవసరమైన దెబ్బ అని తెలిశాక యజమాని 3 పనిదినాల్లో డబ్ల్యూఎస్‌ఐబీకి రిపోర్టు చేయాలి. మీరు వేసేది ఫారం 6, దానికి 6 నెలల గడువు. క్లెయిము ఒప్పుకుంటే ఫిజియో ఖర్చు వాళ్లే ఇస్తారు. మామూలుగా 20 నుంచి 64 ఏళ్ల వాళ్లకు క్లినిక్ ఫిజియో ఓహిప్‌లో రాదు. క్లెయిము వేయొద్దని కార్మికుణ్ణి ఆపడం చట్టవిరుద్ధం. మేం "చూద్దాంలే" అన్నది దానికి ఎంత దూరమో ఆ రాత్రి మేమే లెక్కేసుకున్నాం.

విదేశాల్లో చదివొచ్చిన ఫిజియోల కోసం టొరంటో యూనివర్సిటీలో బ్రిడ్జింగ్ కోర్సు ఉంది. క్లినిక్‌లో చెప్పడానికి సీనియర్లున్నారు. సైట్ చూపించడానికి మనమే ఉండాలి. డ్రైవాల్ మేం చూపిస్తాం. రూఫింగు, ఫ్లోరింగు, కాంక్రీటు చేసేవాళ్లు నెలకో గంట ఇవ్వగలిగితే భోజనాల దగ్గర మాకు పేర్లివ్వండి. ఇంకోటి, ఆ అమ్మాయిలకు బూట్లు దొరకట్లేదు. ఎవరింట్లోనైనా ఆరో నంబరు లేడీస్ స్టీల్ టో ఉంటే కాస్త తెచ్చిపెట్టండి.