మెట్టు దగ్గర రాజీ లేదు

పని నేర్పే గురువు కఠినంగా ఉండాలా? విజయనగరం జిల్లా గొల్లపల్లిలో తయారయ్యే బొబ్బిలి వీణనే చూడండి. పనస దుంగను తొలిచి, మైనం మీద 24 మెట్లు కూర్చాలి. ఒక్క మెట్టు వెంట్రుకవాసి జరిగినా స్వరం తప్పుతుంది. అక్కడ పరవాలేదులే అనే గురువు శిష్యుణ్ణి ముంచినట్టే. అయితే శిష్యుడి చేత మళ్లీ మళ్లీ కట్టించే గురువు ఆ ఆలస్యాన్నీ, పాడైన కొయ్యనూ తన ఖాతాలో వేసుకోవాలి. పండక్కి కొత్త బట్టలు పెట్టడం కన్నా అది పెద్ద ఔదార్యమని నా అభిప్రాయం.

నేర్పడం పేరుతో ఊరికే చాకిరీ చేయించుకుంటారు కదా అంటారా? చాలాచోట్ల జరిగేదే. 1961 నాటి అప్రెంటిస్ చట్టం శిక్షణలో ఉన్నవారికి స్టైపెండు ఇవ్వాలంటుంది గానీ, ఆ చట్టం కింద అప్రెంటిస్‌లను తీసుకోవడం చిన్న పనిశాలలకు తప్పనిసరి కాదు. కనుక పనిలో చేరే యువకులారా, జీతం ఎంతో అడిగినట్టే, పాడైన సరుకు ఎవరి లెక్కలో పడుతుందో కూడా ముందే అడగండి.