నత్థాను చూసి నవ్వామా?



ఇప్పుడే 'పీప్లీ లైవ్' చూశాం. మొదటి అరగంట హాలంతా నవ్వాం. తర్వాత వెనక వరుసలో కూర్చున్న అక్కలు నవ్వడం మానేశారు. వాళ్లలో కొందరి ఇళ్లలో ఈ చావు జరిగింది. ఇది ఎలాంటి సినిమానో ముందే చెప్పి చూపించాల్సింది. అది మా పొరపాటు. అసలు చూపించడమే తప్పా అంటే, కాదంటాం.

2010లో ఇది వచ్చినప్పుడు విదర్భ రైతు నాయకులు కొందరు నిషేధించమన్నారు. రైతు పరిహారం కోసమే చస్తున్నాడన్నట్టు చూపారని వాళ్ల బాధ. ఆ మాట మనమూ పడ్డాం. కానీ సినిమాలో ఆ ఆలోచన నత్థాది కాదు. బ్యాంకు అప్పు కింద పొలం పోయే పరిస్థితి వస్తే అన్నదమ్ములిద్దరూ ఊరి పెద్ద దగ్గరికి సాయానికి పోతారు. చస్తే సర్కారు లక్ష ఇస్తుంది పొమ్మని ఎగతాళి చేసింది అక్కడే. దర్శకురాలు అనూషా రిజ్వీ మనల్ని నవ్వించింది నత్థా మీద కాదు, అతని గుమ్మం ముందు చేరిన టీవీల వాళ్ల మీద, చేతిపంపు తెచ్చి దించిపోయిన ఆఫీసరు మీద. (అప్పు మాత్రం అలాగే ఉంది!)

నవ్వు ఆగిపోయేది హోరీ మహతో దగ్గర. గుంత తవ్వి మట్టి అమ్ముకునే రైతు, ఆ గుంతలోనే చనిపోతాడు. కెమెరాలన్నీ ఇంకా బతికే ఉన్న నత్థా ఇంటి ముందున్నాయి. ప్రేమ్‌చంద్ 'గోదాన్'లోని రైతు పేరు ఊరికే పెట్టలేదు.

చివర్లో నత్థా పోయాడనుకుంటారు. అది ప్రమాదమట, ఆత్మహత్య కాదట. భార్య ధనియాకు పైసా రాదు. ఇది మన ఫైలే. ఉమ్మడి రాష్ట్రంలో 2004 నాటి 421 జీవో ఇచ్చింది లక్ష ఎక్స్‌గ్రేషియా, అప్పుల పరిష్కారానికి 50 వేలు. తెలంగాణ 2015లో 194 జీవోతో మొత్తం 6 లక్షలు చేసింది. అంకె పెరిగింది, పరీక్ష పోలేదు. తహసీల్దారు, ఎస్సై, వ్యవసాయాధికారి విచారించాలి: పాస్‌బుక్ ఉందా, అప్పు కాగితం ఉందా, కారణం కడుపునొప్పా, ఇంటి గొడవా? కౌలు రైతు భార్య పాస్‌బుక్ ఎక్కణ్ణుంచి తెస్తుంది? వడ్డీకిచ్చినవాడు కాగితం రాసిస్తాడా?

భోజనాలయ్యాక ఫైళ్లు తెచ్చిన అక్కలతో కూర్చుందాం. ఎఫ్ఐఆర్ కాపీ ఇంకా చేతికి రానివాళ్లు ముందుగా పేర్లు రాయించండి.