పరుల యింట పంతులు
(సంఘ సభలో చదివిన ప్రసంగ పాఠము)



పొరుగూరికి చదువుకొనబోయిన పేదపిల్లవాడు ఏడిండ్లలో వారాలు కుదుర్చుకొని, సోమవారమొక యింట, మంగళవారమొక యింట భుజించుచు విద్య ముగించిన కథలు తెలుగునాట ఎన్నో కుటుంబములలో వినవచ్చును. ఏ యిల్లాలు ఆదరముతో వడ్డించెనో, ఏ యిల్లాలు విసుగుతో వడ్డించెనో ఆ పిల్లవాడు ముసలివాడైన పిదప కూడ మరువలేదు. అచ్చట పరుల యింట నుండినవాడు చదువుకొనువాడు. చదువు చెప్పువాడే దేశాంతరమేగి పరుల యింట నుండవలసి వచ్చినచో నెట్లుండును? ఇందుకు చక్కని ఉదాహరణము పొరుగుననే, నేపాళమున కలదు.

1951లో రాణాల ఏలుబడి ముగియునాటికి ఆ దేశమున బడులు బహు స్వల్పము. తరువాతి కొలదియేండ్లలో జరిగిన జనగణనలో అక్షరాస్యులు నూటికి సుమారు అయిదుగురు మాత్రమే. బడులను ఆజ్ఞచే తెరువవచ్చును గాని ఉపాధ్యాయులు ఆజ్ఞచే పుట్టరు. అమెరికా అధ్యక్షుడు జాన్ కెనెడీ 1961లో స్థాపించిన పీస్ కోర్, అనగా శాంతిదళము, 1962లో తొలిసారిగా తన యువతీయువకులను నేపాళమునకు పంపెను. భారతదేశమునకును ఆ దళమువారు 1961 మొదలు 1976 వరకు వచ్చిరి. నేపాళమున అంతర్యుద్ధము వలన 2004లో ఆగిన ఆ పని 2012లో మరల సాగినది. ఆ యువకులలో పలువురు ఇంగ్లీషు, గణితము, విజ్ఞానశాస్త్రము చెప్పుటకు కొండపల్లెల బడులకు పోయిరి.

శిక్షణ కాలమున కొత్తవానిని ఒక కుటుంబమున ప్రవేశపెట్టుట ఆ దళమువారి పద్ధతులలో మిక్కిలి తెలివైనది. వ్యాకరణము పుస్తకమున దొరకును. అన్నము పెట్టు చోటు దొరకదు. కొత్తవాడు మొట్టమొదట తప్పటడుగు వేయునది వంటయింటనే. ఆచారపరులైన బ్రాహ్మణ, ఛేత్రీ కుటుంబములలో పొయ్యి యున్న చోటికి పరుడు పోరాదు. అతనికి వసారాలో వడ్డింతురు. నోట తగిలినది ‘జూఠో’. ఈ మాటకు తెలుగువారికి అర్థము చెప్పనక్కరలేదు. ‘ఎంగిలి’ అన్నచో చాలును. గరిటెతో రుచి చూచి మరల గిన్నెలో ముంచుట అమెరికా పిల్లవానికి పొరపాటుగనే తోచదు. ఇచ్చట ఆ గిన్నెడు కూరయు వ్యర్థమే! చెంబు పెదవులకు తాకకుండ నీరెత్తి త్రాగుట నేర్చునంతలో చొక్కా తడిసి, ఇంటి పిల్లలు పకపక నవ్వుదురు. ఎడమచేతితో ఏదియు అందింపరాదు. ఉదయము బడికి ముందొకసారి, రాత్రి యొకసారి దాల్‌భాత్, అనగా పప్పన్నము. ‘పుగ్యో’, చాలినది, అని మొదటిసారి చెప్పిన నమ్మరు. మారు వడ్డించి తీరుదురు. దారిలో కనబడినవారు క్షేమమడుగుటకు మారుగా భోజనమయినదా యని యడుగుదురు. తెలుగు పల్లెలో పుట్టినవానికి ఇందేదియు వింత కాదు. పట్టణమున పెరిగిన పరదేశికి మాత్రము, తన పొట్టను గూర్చి ఊరెల్ల ఏల విచారింపవలెనో బోధపడుటకే నెలలు పట్టును.

ఆ యింటి తల్లి అతనికి ‘ఆమా’, తండ్రి ‘బువా’. పిల్లలకు అతడు ‘దాయి’, అన్న. ఇంటనేమో భాష రాని శిశువు. ఆరేండ్ల పిల్ల కూడ అతని యుచ్చారణ దిద్దును. పది గంటలకు బడిలో అడుగిడగానే అతడు ‘సర్’. ఉదయము అతని తప్పులు దిద్దిన చెల్లెలే తరగతిలో లేచి నిలిచి నమస్కరించును. ఈ రెండు వేషములు ఒకే దినమున ధరించుట సులభము కాదు. ఆ పిల్లకే ఇంగ్లీషు పరీక్షలో మార్కులు తక్కువ వచ్చినచో? ఆ రాత్రి పప్పన్నము గొంతు దిగుట కష్టమే. అయినను మార్కులు మార్చరాదు. ఒకసారి మార్చినచో మిగిలిన పిల్లల తలిదండ్రులు ఏమనుకొందురో ఆ ‘ఆమా’ యే ముందుగా నెరుగును.

ఇక డబ్బు విషయము. అన్నమునకు వెల కట్టుట పాపమని పెద్దలు చెప్పుదురు గాన, బస చేసినవాడు గదికిని తిండికిని సొమ్ము చెల్లించుట కొందరికి చిన్నతనముగా తోచును. అది సరియైన భావము కాదు. తెల్లవారకముందే లేచి నీరు మోసి, పశువులకు గడ్డి తెచ్చి, పొగలో కూర్చుండి వండునది ఇల్లాలు. ఉచితముగా నుండుట ప్రేమకు గుర్తని యెంచువాడు ఆమె వెన్నుమీద బరువు పెంచుచున్నాడు. లెక్క స్పష్టముగా నున్నచోట అభిమానమునకు అడ్డు లేదు.

ఆ గది ఎట్లు ఖాళీ యైనదో కూడ విచారింపవలెను. నేపాళపు పల్లెలలో అనేక కుటుంబముల కుమారులు కతారుకో, మలేషియాకో, భారతదేశ నగరములకో కూలికి పోయియున్నారు. కరీంనగరమునుండియు, కడపనుండియు, కోనసీమనుండియు గల్ఫునకు పోయినవారి యిండ్లు ఎరిగినవారికి ఈ మాట వివరింపనక్కరలేదు. కన్నకొడుకు ఎండలో శ్రమించి, రాత్రి శిబిరమున పదిమందితో నొక గదిలో పండుకొనును. అతనికి పరదేశమున ‘ఆమా’ యని పిలుచుటకు ఇల్లు లేదు. అతని మంచముపై పరదేశపు పంతులు పండుకొనును. ఆ తల్లి వడ్డించునపుడు ఎవరిని తలచుకొని వడ్డించునో పంతులు గ్రహింపగలిగినచో, మారన్నము వలదనుటకు అతనికి నోరు రాదు.

తలుపు మూసికొని ఒంటిగా నుండగోరుట పాశ్చాత్యులకు అలవాటు. ఇచ్చట అది జ్వరమో, దుఃఖమో, కోపమో యని తలచి తోడుగా నొక పిల్లవానిని పంపుదురు. పంపవలదనుటకు మృదువైన మాట వెదకుకొనుట అతని బాధ్యత. అదియు భాషాధ్యయనమే.

దశైం పండుగనాడు ఇంటి పెద్దలు పెరుగు, కుంకుమ, బియ్యము కలిపిన టీకాను నుదుట పెట్టి, జమరా యను మొలకలను తలపై నుంచి దీవింతురు. ఆ వరుసలో పంతులును తన వయస్సునకు తగిన చోట కూర్చుండును.

2020 మార్చి నెలలో కరోనా వ్యాధి వ్యాపించినపుడు శాంతిదళము 60కి పైగా దేశములనుండి సుమారు 7 వేలమందిని ఒక్కసారిగా వెనుకకు పిలిపించెను. అందరిని ఇట్లు పిలిపించుట దాని చరిత్రలో అదియే మొదటిసారి. నేపాళమునుండియు వారు పోయిరి. పాఠములు సగములో నిలిచెను. వీడ్కోలు సభలు లేవు, మాలలు లేవు. కొందరికి పెట్టె సర్దుకొనుటకే వ్యవధి చాలలేదు. పుస్తకములును, చెప్పులును, ఆ తల్లి యిచ్చిన చెంబును గదిలోనే యుండిపోయెను.