అత్తమీది కోపము దుత్తమీద చూపవచ్చునా?

(అంచెట్టిలో తెలుగు కుటుంబముల కూటమిలో చేసిన ప్రసంగ పాఠము)



స్థానిక ఎన్నికలలో మన ఓటును గురించి నాలుగు మాటలు చెప్పవలసినదని మమ్ము కోరినారు. ఇది సుళువైన పని కాదు. కూటమికి వచ్చుటకు ముందు కొన్ని వీధులు తిరిగి పెద్దలను పలుకరించితిమి. వారిలో పెక్కుమంది ఒకే మాట చెప్పిరి: "ఏ రాయైతే ఏమప్పా, పళ్ళూడగొట్టుకొనేదానికి?" ఒక పెద్దాయన మరియొక అడుగు ముందుకు వేసి, ఇకమీదట తమ ఇంటివారెవ్వరును పోలింగు బూతు వైపు పోబోరని ఖండితముగా చెప్పిరి. ఆయనను తప్పుపట్టుటకు మాకు నోరు రాలేదు. అందులకు కారణము పిదప మనవి చేసెదము.

మన విసుగునకు ఆధారములు లేకపోలేదు. తరతరములుగా ఈ కొండల నడుమ రాగులు, వేరుసెనగ, ఉలవలు పండించుకొని బ్రతుకుచున్న కుటుంబములు మనవి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడును, 1956 నవంబరు 1న రాష్ట్రముల పునర్విభజన జరిగినప్పుడును మన హోసూరు ప్రాంతము మద్రాసు రాష్ట్రముననే నిలిచెను. మొదట సేలము జిల్లావారము, 1965లో ధర్మపురి జిల్లావారము, 2004లో కృష్ణగిరి జిల్లావారము అయితిమి. మనము ఊరు కదలలేదు. మన తలపైని పేర్లు మాత్రము మారుచు వచ్చినవి. 2006వ సంవత్సరపు తమిళ అభ్యసన చట్టము వచ్చిన తరువాత మన పిల్లల తెలుగు పరీక్ష సంగతి న్యాయస్థానముల గుమ్మముల యొద్ద మరల మరల నిలువవలసి వచ్చినది. ఏనుగుల మంద ఒక్క రాత్రి చేనులో పడెనా, ఏడాది కష్టము మట్టిలో కలిసిపోవును. ఓటు అడుగుటకు వచ్చిన దినమున చేతులు పట్టుకొన్నవారు గెలిచిన పిదప ముఖము చూడరు. ఏరు దాటువరకు ఓడ మల్లయ్య, దాటిన పిదప బోడి మల్లయ్య. ఈ అనుభవము లేని ఇల్లు మనలో లేదు.

ఇంతవరకు మీతో మాకు భేదము లేదు. ఇచ్చట ఒక్క ప్రశ్న వేసికొనవలెను. ఈ కష్టములలో ఏది ఎవరి చేతిలోనున్నది?

తమిళ అభ్యసన చట్టమును చేసినది చెన్నైలోని శాసనసభ. పంచాయతీ అధ్యక్షుడు దానిని మార్చలేడు. ఏనుగులు తొక్కిన పైరునకు నష్టపరిహారమును విచారించునది అటవీశాఖ. రైలు, బ్యాంకు, ఎరువుల సబ్సిడీ మొదలైనవి ఢిల్లీ సంగతులు. 2024 జూన్ నెలలో మన కృష్ణగిరి లోక్‌సభ సభ్యులు శ్రీ కె. గోపీనాథ్ పార్లమెంటులో తెలుగున ప్రమాణము చేసినప్పుడు మన ఇండ్లలో కలిగిన సంతోషము చిన్నది కాదు. అది మన భాషకు దక్కిన మర్యాద. అయినను మన వీధి కొళాయి సంగతి ఆ సభలో తేలదు.

అది తేలు చోటు పంచాయతీ. త్రాగునీరు, వీధిదీపములు, మురుగుకాలువలు, ఊరిలోని చిన్న బాటలు, శ్మశానమునకు పోవు దారి, ఇంటిపన్ను, ఇవి గ్రామ పంచాయతీ పనులు. పంచాయతీ యూనియన్ ప్రాథమిక పాఠశాల కప్పు కారుచున్నచో అడుగవలసిన చోటు పంచాయతీ యూనియన్. చెన్నై మీదను ఢిల్లీ మీదను కోపము వచ్చి పంచాయతీ ఓటు మానుకొనుట, అత్తమీది కోపము దుత్తమీద చూపుట వంటిది. అత్తకు దెబ్బ తగలదు. పగిలిన దుత్త మనది, ఒలికిన పాలు మనవి.

పల్లె ఓటరు చేతికి నాలుగు కాగితములు ఇత్తురని మీకు తెలియును. తెల్లనిది వార్డు సభ్యునికి, గులాబిరంగుది గ్రామ పంచాయతీ అధ్యక్షునికి, ఆకుపచ్చది యూనియన్ సభ్యునికి, పసుపుపచ్చది జిల్లా పంచాయతీ సభ్యునికి. వీనిలో మొదటి రెండింటికి పార్టీ గుర్తులు లేవు. తక్కిన రెండింటికి మాత్రమే పార్టీలు నిలుచును. పార్టీల మీద నమ్మకము పోయినదని చెప్పువారు ఈ భేదమును గమనింపవలెను. వార్డు సభ్యుని ఎన్నుకొనునప్పుడు మనము తీర్పు చెప్పునది ఏ జెండాను గురించియు కాదు. మన ఎదుటి ఇంటి మనిషిని గురించి, మనకు చిన్ననాటినుండి తెలిసిన నడవడిని గురించి.

"ఎవ్వరును వద్దని గుర్తు వేసి వత్తుము" అని కొందరు యువకులు మాతో చెప్పిరి. 2013లో సుప్రీంకోర్టు తీర్పు ననుసరించి శాసనసభ, లోక్‌సభ ఎన్నికలలో నోటా వచ్చినమాట నిజమే. 2019 డిసెంబరులో మన గ్రామ పంచాయతీలకు ఎన్నికలు జరిగినప్పుడు ఆ గుర్తు లేదు. కనుక ఇంటిలో కూర్చున్నవారి కోపము ఏ లెక్కలోను చేరలేదు. కోపగించి రానివాడును, జ్వరముతో రానివాడును, బెంగుళూరులో పనికి పోయి రానివాడును ఒకే వరుసలో పడిరి. మన కోపము మనకు తెలియునే కాని ఓటు పెట్టెకు తెలియదు.

ఇక ముందు చెప్పెదమన్న సంగతి. 2019 డిసెంబరులో మా ఇంటి ఓట్లు ఐదు. ఐదింటిలో ఒక్కటియు వేయలేదు. మేమే వద్దంటిమి. మాకంటె చిన్నవారు "పోయి వత్తుము" అన్నను, "ఎవరికని వేసెదరు?" అని ఆపితిమి. ఆ దినము మాకు గొప్ప పని చేసినట్లే తోచినది. మరుసటి వేసవిలో మా వీధి గొట్టము పగిలి తొమ్మిది దినములు నీరు రాలేదు. మా ఇంటి ఆడవారు రెండు వీధుల అవతలినుండి బిందెలు మోసిరి. తొమ్మిదవ దినమున మేము వార్డు సభ్యుని ఇంటికి పోతిమి. ఆయన మమ్ము కూర్చుండబెట్టి నీళ్ళిచ్చి, "అన్నా, ఓటు దినము మీ ఇంటివాళ్ళు ఒక్కరూ రాలేదే. సరే పోనీండి, రేపు మనిషిని పంపుతా" అనెను. మాట ప్రకారము పంపెను, గొట్టము బాగుపడెను. ఆయన మమ్ము అవమానింపలేదు. కాని తొమ్మిది దినములు ఎందుకు ఆలసించెనో అడుగవలెనని పోయిన మేము ఆ ప్రశ్న అడుగకయే తిరిగి వచ్చితిమి. ఓటు వేసినవారు తమకు రావలసినది అడిగిరి. మేము దయ అడిగితిమి. ఆ పెద్దాయనను తప్పుపట్టలేకపోవుటకు కారణమిదియే. ఆయన చేయుదునన్నది మేము చేసి చూచితిమి.

పంచాయతీ లేనిచో ఏమగునన్న సంగతి కూడ మనకు క్రొత్త కాదు. 1970 తరువాత మన రాష్ట్రమున పంచాయతీ ఎన్నికలు జరిగినది 1986లో. ఆ తరువాత మరల 1996లో. ఏటేట వాయిదా పడకుండుటకు 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చినది. అయినను 2016 అక్టోబరు 4న మద్రాసు హైకోర్టు ఎన్నికల ప్రకటనను రద్దు చేసిన పిదప, మూడు ఏండ్లకు పైగా ప్రత్యేకాధికారుల పాలన సాగినది. ఎన్నికైన సభలు లేవన్న కారణమున కేంద్రమునుండి రావలసిన గ్రాంటులు కొంతకాలము నిలిచిపోయినవి. 2019లో ఎన్నికైనవారి పదవీకాలము 2025 జనవరి 5తో ముగియగా మరల ప్రత్యేకాధికారులు వచ్చిరి. అధికారులలో మంచివారు లేరని మేము అనము. కాని దీపము వెలుగనిచో రాత్రి తలుపు తట్టి అడుగుటకు వార్డు సభ్యుడు మన వీధిలోనుండును, అధికారి ఉండడు. ఒకవైపు "ఎన్నికలు పెట్టరేమి?" అని అడుగుచు, పెట్టిన దినమున ఇంటిలో కూర్చుండుట పొసగదు.

అట్లయిన ఎవరికి వేయవలెను? పేరు చెప్పుటకు మేము రాలేదు. ఏమి అడిగి నిర్ణయింపవలెనో మాత్రము చెప్పుదుము.

మొదటిది లెక్క. కాంచీపురము దాపున ఉత్తరమేరూరులో మొదటి పరాంతక చోళుని కాలపు శాసనములున్నవి. వేయి ఏండ్లకు పైబడినవి. తాటాకు చీటీలపై పేర్లు వ్రాసి కుండలో వేసి సభ్యులను ఏర్పరచుకొన్న పద్ధతి వానిలో చెక్కబడియున్నది. అంతకంటె ముఖ్యమైన నిబంధన ఒకటి కలదు: ముందు పదవిలోనుండి లెక్క చెప్పనివాడును, వాని దగ్గరి బంధువులును కుండలో పేరు వేయించుకొనుటకు అర్హులు కారు. మన తమిళ సోదరుల పెద్దలు వ్రాసిన ఈ నియమము మనకును చాలును. మరల నిలుచున్నవారిని అడుగుడు: పోయిన అయిదేండ్లలో మన వీధికి వచ్చిన సొమ్మెంత, పెట్టిన ఖర్చెంత? క్రొత్తవారిని అడుగుడు: లెక్కను గ్రామసభలో బిగ్గరగా చదివింతురా?

రెండవది ఉనికి. గెలిచిన పిదప హోసూరునకో బెంగుళూరునకో కాపురము మార్చువానికంటె, గుణము కొంచెము కటువైనను ఊరిలోనుండువాడు మేలు.

మూడవది స్త్రీల స్థానములు. 2016లో మన రాష్ట్రమున స్థానిక సభలలో సగము స్థానములు స్త్రీలకని చట్టమును సవరించిరి. పేరు ఆమెది, పెత్తనము ఆయనది అగుట మనము ఎరుగనిది కాదు. ఓటు అడుగుటకు భర్తయో, కుమారుడో మాత్రమే వచ్చినచో, "అమ్మను పిలువుడు, ఆమెతో మాటలాడెదము" అని చెప్పుడు. ముఖ్యముగ మన అక్కచెల్లెండ్రు ఈ మాట చెప్పవలెను. బిందె మోయునది వారు గదా.

నాలుగవది సొమ్ము. ఓటునకు సొమ్ము ఇచ్చుటయు, పుచ్చుకొనుటయు చట్టప్రకారము నేరము. ఆ మాట అటుంచుడు. ఇచ్చినవాడు దానిని ఎచ్చటనుండి రాబట్టుకొనును? మన వీధి కాలువ సిమెంటునుండియే.

చివరిది కొందరికి రుచింపదు. అయినను చెప్పక తప్పదు. "తెలుగువాడు నిలిచినచో తెలుగువానికే" అనుట చాలదు. భాష మనకు తల్లివంటిది. కాని తెలుగున తీయగా మాటలాడి లెక్క చెప్పనివానికంటె, తమిళమునో కన్నడమునో మాటలాడుచు మన వీధికి నీరు తెచ్చినవాడు మనవాడు. ఈ అంచెట్టి సీమలో మూడు భాషలవారమును ఒకే బావి నీరు త్రాగి, ఒకే సంతలో బేరమాడి బ్రతికితిమి. భాష పేర ఓట్లను మూటగట్టి ఒకని చేతిలో పెట్టినచో, మూట వాని సొత్తగును. వాడు దానిని ఎవరికైనను అమ్ముకొనును. ఇద్దరును సమానముగ యోగ్యులైనప్పుడు తెలుగువానివైపు మొగ్గుట సహజము, అందు దోషము లేదు. మన భాషకు వలసినది ఇతర భాషలవారిని కలుపుకొని సభలో అడుగుదము. పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయుని స్థానము ఖాళీగానున్నచో గ్రామసభ తీర్మానమున ఆ మాట చేరవలెను. ఆ తీర్మానమునకు పొరుగువారు కూడ చేయెత్తిననాడు దాని బరువు వేరు.

గ్రామసభ సంవత్సరమునకు ఆరు పర్యాయములు కూడును: జనవరి 26, మార్చి 22, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2, నవంబరు 1. అయిదేండ్లకు ముప్పది సభలు. ఓటు ఒక్క దినపు పని. ఆ ముప్పది దినములు దాని మిగిలిన భాగము. వానిలో ఎన్నింటికి పోతిమని మనలను మనము అడుగుకొందము. అడగనిదే అమ్మయినా పెట్టదని మన పెద్దలు ఊరక అనలేదు.

ఇన్ని విచారించిన పిదపను నిలుచున్నవారిలో ఒక్కరును నచ్చనిచో? అప్పుడు రెండు దారులున్నవి. వారిలో తక్కువ హాని చేయువానికి వేసి, గ్రామసభలో వాని మీద కన్నువేసి ఉంచుట ఒకటి. మనలోనుండియే ఒకరిని నిలుపుట రెండవది. ఇరువదియొక్క ఏండ్లు నిండినవారు వార్డునకు పోటీ చేయవచ్చును. మన ఇండ్లలో చదువుకొన్న ఆడపిల్లలు, మగపిల్లలు కలరు. మన విసుగును వారికి ఆస్తిగా పంచియిచ్చుటకంటె, వారి వెనుక నిలుచుట మేలు.

ఎన్నికల దినము ఎప్పుడు వచ్చినను, దానికి ముందు వారము ఒక సాయంకాలము వీధివారందరును కూడి నిలుచున్నవారిని పిలిచి ఈ ప్రశ్నలు అడుగుదమని ఈ కూటమిని ప్రార్థించుచున్నాము. మా ఇంటి ఓట్లు ఇప్పుడు ఆరైనవి. ఈ మారు ఆరింటితోను పోదుము. ఆ పెద్దాయన ఇంటికి ఉదయమే పోయి పిలిచెదము. రాననినచో మా గొట్టము సంగతి చెప్పి మరల పిలిచెదము.