కంప్యూటర్‌లో నీలగిరి రైలు – ఒక పాత ఫైర్‌మన్ అనుభవం

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం. పలువురు సభ్యుల కోరికపై ఈ ప్రత్యేక సంచికలో ప్రచురిస్తున్నాం. – సంపాదక వర్గం)



కార్యదర్శి గారు నన్ను మాట్లాడమంటే డి.ఏ. బకాయిల గురించో, మెడికల్ కార్డుల గురించో అనుకున్నాను. ఆయన మాత్రం "మీరు మనవరాలితో కలిసి కంప్యూటర్‌లో రైలు నడుపుతున్నారట కదా, ఆ సంగతి చెప్పండి" అన్నారు. డెబ్బై దాటినవాడు ఆటల మీద ఉపన్యాసమేమిటని ముందు సిగ్గుపడ్డాను. తర్వాత ఆలోచిస్తే ఇందులో మనందరికీ పనికివచ్చే మాట ఒకటి ఉందనిపించింది. అందుకే ఒప్పుకున్నాను.

నా గురించి తెలియని వారికి రెండు మాటలు. 1971లో మీటర్ గేజ్ షెడ్‌లో క్లీనర్‌గా చేరాను. తర్వాత సెకండ్ ఫైర్‌మన్, ఫస్ట్ ఫైర్‌మన్, షంటర్, డ్రైవర్ అయ్యాను. వై.పి., వై.జి. ఇంజన్ల మీద గుంతకల్లు–గుంటూరు లైనులో నల్లమల ఘాట్ ఎక్కి దిగినవాణ్ణి. ఆవిరి పోయి డీజిల్ వచ్చింది. డీజిల్ మీదే 2011లో పదవీ విరమణ చేశాను. కాల్ బాయ్ తలుపు తట్టిన కల ఇప్పటికీ వస్తుంది. లేచి కూర్చుని లైన్ బాక్స్ కోసం వెతుకుతాను. మా ఇంటావిడ నవ్వుతుంది.

మా మనవరాలు ఇంజనీరింగ్ చదువుతోంది. ఒక సెలవుల్లో తన కంప్యూటర్‌లో రైలు నడుపుతుంటే వెనక నుంచి చూశాను. ఈ ఆటలు కొత్తవి కావు. 2001లోనే మైక్రోసాఫ్ట్ వారు 'ట్రెయిన్ సిమ్యులేటర్' తెచ్చారు. అందులో ఇంగ్లండులోని సెటిల్–కార్లైల్ మార్గం, ప్రసిద్ధికెక్కిన 'ఫ్లయింగ్ స్కాట్స్‌మన్' ఆవిరి ఇంజన్ ఉన్నాయి. అదే సంవత్సరం ఆస్ట్రేలియా నుంచి 'ట్రెయిన్జ్' వచ్చింది. అందులో మనమే కొండలు పోసి, పట్టాలు వేసి, స్టేషన్లు కట్టుకోవచ్చు. మా పిల్ల చేతిలో ఉన్నది ఈ రెండోదే.

"తాతయ్యా, నువ్వు నడిపిన లైను కడదామా?" అని అడిగింది. కట్టడానికి ఆ లైను లేదమ్మా అన్నాను. 1990లలో బ్రాడ్ గేజ్ చేసినప్పుడు పాత పట్టాలు ఎత్తేశారు. దొరబావి వంతెన మీద రైలు నడిచే రోజులు దాంతో పోయాయి. "అయితే ఇంకా బతికి ఉన్న ఆవిరి లైను ఏదైనా చెప్పు, ముందు దాని మీద నేర్చుకుందాం" అంది. అలా నీలగిరి లైనుకు వచ్చాం.

మెట్టుపాళయం నుంచి ఉదకమండలం దాకా 46 కి.మీ. మీటర్ గేజే. లైను కూనూరు దాకా 1899లో, ఊటీ దాకా 1908లో తెరిచారు. 2005లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. కింద 326 మీటర్ల ఎత్తు, పైన 2,203 మీటర్లు. కల్లార్ నుంచి కూనూరు దాకా పన్నెండు అడుగులు ముందుకు పోతే సుమారు ఒక అడుగు పైకి ఎక్కాలి. మామూలు లైనులో వందకు ఒకటి అంటేనే ఫైర్‌మన్‌కు చెమటలు పడతాయి. పన్నెండుకు ఒకటి అంటే నున్నటి చక్రం నున్నటి పట్టా మీద నిలవదు. అందుకే అక్కడ రెండు పట్టాల నడుమ పళ్లున్న రెండు ఇనుప కమ్మీలు పక్కపక్కనే వేశారు. ఒకదాని పన్ను ఉన్నచోట రెండోదానికి సందు ఉంటుంది. ఇంజన్ కింద ఉన్న పళ్ల చక్రం వాటిని పట్టుకుని నిచ్చెన ఎక్కినట్టు ఎక్కుతుంది. దీన్ని 'ఆబ్ట్' పద్ధతి అంటారు. స్విట్జర్లాండులోని వింటర్‌థూర్‌లో తయారైన ఎక్స్ క్లాస్ ఇంజన్లకు నాలుగు సిలిండర్లు. రెండు మామూలు చక్రాలను తిప్పుతాయి. వాటిలో పని చేసి వచ్చిన ఆవిరే మిగతా రెంటిలోకి పోయి పళ్ల చక్రాలను తిప్పుతుంది.

ఇక కట్టడం మొదలుపెట్టాం. కొండల ఎత్తులు ఎక్కడ దొరుకుతాయని అడిగితే మా పిల్ల చెప్పిన జవాబు నన్ను ఆశ్చర్యపరిచింది. 2000 ఫిబ్రవరిలో అమెరికా వారి 'ఎండెవర్' అంతరిక్ష నౌక పదకొండు రోజులు తిరిగి భూమి ఎత్తుపల్లాలను రాడార్‌తో కొలిచిందట. ఆ అంకెలు ఇప్పుడు అందరికీ ఉచితం. వాటిని పోస్తే నీలగిరి కొండ ఒక్క పూటలో తెర మీద నిలిచింది. నేను చేతులు జోడించాను.

పట్టాలు వేయబోతే అసలు తంటా తెలిసింది. ఆ కొలతల్లో ఒక చుక్కకు, పక్క చుక్కకు మధ్య 30 మీటర్ల దూరం. కొండ అంచున చెక్కిన సన్నటి కటింగ్ అందులో ఎలా కనపడుతుంది? పట్టాలు ఒకచోట గాలిలో తేలాయి, మరోచోట కొండలోకి దూరిపోయాయి. ఈ లైనులో 208 వంపులు, 250 వంతెనలు, 16 సొరంగాలు ఉన్నాయంటారు. ప్రతిచోటా చేత్తో మట్టి తవ్వి, మట్టి పోసి, గ్రేడియంట్ సరిచూడవలసి వచ్చింది. మొత్తం మార్గానికి పద్నాలుగు నెలలు పట్టింది. గ్యాంగ్‌మన్ల మీద నాకెప్పుడూ గౌరవమే. ఆ పద్నాలుగు నెలల్లో అది రెట్టింపయింది.

2022లో ఇద్దరం వెళ్లి ఆ రైలు ఎక్కి వచ్చాం. పైకి దాదాపు ఐదు గంటలు. ఇప్పుడు అక్కడ కొన్ని ఇంజన్లు నూనెతో నడుస్తున్నాయి. తిరుచ్చి గోల్డెన్ రాక్ వర్క్‌షాపులో కొత్త ఎక్స్ క్లాస్ ఇంజన్లు కూడా చేశారు. కూనూరు నుంచి పైకి సాధారణంగా డీజిల్ ఇంజనే. మా ఆటలో మాత్రం బొగ్గు ఇంజన్ పెట్టుకున్నాం. ఫైర్‌మన్ ఇంట్లో నూనె ఇంజన్ ఏమిటని నేనే పట్టుబట్టాను.

నన్ను కుర్చీలో కూర్చోబెట్టి మొదటిసారి నడపమంది. ఒక మీట నొక్కితే ఒక షవెల్ బొగ్గు పడుతుంది. ఆట నేర్పేవాళ్లు ఎక్కడో చెప్పారని మా పిల్ల ఆ మీటను వరసగా నొక్కుతోంది. పొగగొట్టం నుంచి నల్లగా పొగ, ముల్లు చూస్తే కిందికి. "ఆగమ్మా, మంటను ఊపిరాడకుండా చేస్తున్నావు" అన్నాను. కొద్దికొద్దిగా, తరచుగా వేయాలి. మంట పలచగా, తెల్లగా ఉండాలి. నల్లపొగ పోతోందంటే కాలని బొగ్గు గాలికి పోతున్నట్టే. ఇంజెక్టర్ ఎప్పుడు తెరవాలో, రెగ్యులేటర్ మూసే ముందు బ్లోయర్ ఎందుకు పెట్టాలో చెప్పాను. ముల్లు లేచింది. ముప్పై ఏళ్లుగా షవెల్ పట్టని చేతికి అవన్నీ ఇంకా గుర్తున్నాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆటకు రానివి కూడా చెప్పాలి. ఫైర్ హోల్ తలుపు తెరిస్తే ముఖానికి కొట్టే వేడి లేదు, కంట్లో పడే బూడిద లేదు. గేజ్ గ్లాసులో నీళ్లు తగ్గితే గుండె జారడం లేదు. ఘాట్ ఎక్కి అవతలికి వాలగానే బాయిలర్‌లో నీరు ముందుకు పరుగెత్తుతుంది, వెనక ఫైర్‌బాక్స్ నెత్తి మీద నీరు పలచబడుతుంది. అక్కడ ఏమరితే లెడ్ ప్లగ్ కరుగుతుంది. ఆటలో తప్పు చేస్తే మళ్లీ మొదటి నుంచి ఆడవచ్చు. మనకు ఆ వెసులుబాటు లేదు.

ఇంకొకటి ఉంది. నీలగిరిలో ఇంజన్ రైలుకు వెనక, అంటే కింది వైపు ఉండి పైకి తోస్తుంది. డ్రైవర్‌కు ముందున్న దారి కనపడదు. ముందు పెట్టె వసారాలో నిలబడిన బ్రేక్స్‌మన్ ఊపే జెండాయే అతని కన్ను. ప్రతి పెట్టెకూ ఒక బ్రేక్స్‌మన్ ఉంటాడు. కంప్యూటర్ ఆట ఒక్కడి కోసం చేసింది, అందులో ఈ మనుషులు లేరు. మేమే ఒక ఉపాయం చేశాం. తను తెర మీద ముందరి దృశ్యం చూస్తుంది. నేను తెరకు పక్కగా తిరిగి కూర్చుని మీటలు మాత్రం నొక్కుతాను. "పచ్చ" అంటే నడపాలి, "ఎర్ర" అంటే ఆపాలి. రెండు సార్లు నేను మాట వినక సొంత తెలివి చూపించాను. రెండు సార్లూ రైలు హిల్‌గ్రోవ్‌లో నీళ్ల కోసం ఆగవలసిన చోటు దాటిపోయింది. ఎదుటి మనిషి మాటను నమ్మడమే రైలు నడపడమని దానికి వేరే చెప్పనక్కరలేకపోయింది.

ఇప్పుడు నేను ఇక్కడికి వచ్చింది ఏమి చెప్పడానికో ఆ మాట.

నాకు ఎక్స్ క్లాస్ ఇంజన్ అనుభవం లేదు. ఆ లైనులో పని చేసి రిటైరైన ఒక మిత్రుడు ఫోన్‌లో నేర్పేవారు. వయసులో నాకంటే పెద్దవారు. ఆయన తమిళం, నా తెలుగు, ఇద్దరి రైల్వే ఇంగ్లీషు కలిపి చక్కగా సాగేది. ర్యాక్ మీద పడగానే ఇంజన్ శబ్దం ఎలా మారుతుందో నోటితో చేసి వినిపించారు. ఏ వంపులో చక్రం అరుస్తుందో చెప్పారు. ఒకరోజు, కల్లార్ దాటి ర్యాక్‌లోకి దిగేటప్పుడు రెండో జత సిలిండర్లకు ఆవిరి సరిగ్గా ఏ క్షణంలో ఇచ్చేవారు, పన్ను పట్టిందని చేతికి ఎలా తెలిసేదని అడిగాను. "అది మాటల్లో అంత తేలిక కాదు, ఆదివారం తీరిగ్గా చెబుతాను" అన్నారు. ఆదివారం ఫోన్ ఎత్తింది వారి అబ్బాయి. శుక్రవారం రాత్రే ఆయన పోయారు.

మా ఆటలో ఆ ఒక్కచోట ఉన్నది మా ఊహ. కొండ ఎత్తు అంతరిక్షం నుంచి వచ్చింది. స్టేషన్ గోడ రంగు ఫోటోల నుంచి వచ్చింది. ఆ క్షణం మాత్రం ఆ మనిషి చేతిలో ఉండి, ఆయనతోనే పోయింది. రేపు ఆ ఆట ఆడే పిల్లలు మా ఊహనే నిజమనుకుంటారు. అది నన్ను బాధపెడుతోంది.

తప్పు నాదీ ఉంది. ఆయన మాటలు రికార్డు చేద్దామని మనవరాలు మొదటినుంచీ చెబుతూనే ఉంది. పెద్దాయన ఏమనుకుంటారోనని నేనే మొహమాటపడ్డాను.

కాగితాల సంగతీ అంతే. ఆవిరి ఎత్తేసిన రోజుల్లో ఒక షెడ్‌లో వర్కింగ్ టైంటేబుళ్లు, గ్రేడియంట్ చార్టులు, ఇంజన్ రిపేరు పుస్తకాలు బస్తాలకెత్తి తూకానికి వేశారు. ఏ షెడ్ అన్నది ఇప్పుడు అనవసరం. నేను అక్కడే నిలబడి చూశాను, ఒక్కటీ తీసుకోలేదు. ఎవరికి కావాలి ఇవి అనుకున్నాను. ఇప్పుడు కావలసింది మా ఇంట్లో పిల్లకే.

మా నీలగిరి మార్గం పూర్తయింది. ఇప్పుడు తను మళ్లీ మొదటి ప్రశ్నకు వచ్చింది. "తాతయ్యా, నల్లమల లైను మొదలుపెడదామా?" అని. పట్టాలు లేని లైను, ఆ పాత గేజ్ కాగితాలు దొరకని లైను. దాన్ని కట్టాలంటే మిగిలింది మనమే. గాజులపల్లె, చలమ, దిగువమెట్టల మీదుగా మీటర్ గేజ్ మీద పని చేసినవాళ్లు ఈ హాలులోనే ఉన్నారు. స్టేషన్ మాస్టర్లు, పాయింట్స్‌మన్లు, గ్యాంగ్‌మేట్లు, గార్డులు ఉన్నారు. నీళ్ల కాలం ఏ పక్కన ఉండేది, హోం సిగ్నల్ ఏ చెట్టు దాటాక కనపడేది, బ్యాంకింగ్ ఇంజన్ పెట్టినప్పుడు ఈల ఎలా వేసుకునేవాళ్లం – ఒక్కొక్కరికి ఒక్కొక్క ముక్క తెలుసు.

అందుకని మూడు మనవులు. ఒకటి, మీ పెట్టెల్లో పాత టైంటేబులో, చార్టో, షెడ్ ముందు దిగిన ఫోటోనో ఉంటే పారేయకండి. సంఘం ఆఫీసుకు తెస్తే ఫోన్‌తో ఫోటో తీసుకుని అక్కడికక్కడే తిరిగి ఇస్తాం. రెండు, మీ మనవడినో మనవరాలినో కూర్చోబెట్టి మీ డ్యూటీ ఒక్కరోజుది మొదటినుంచి చివరిదాకా చెప్పండి. వాళ్ల ఫోన్‌లో రికార్డు చేయమనండి. మూడు, ఇక్కడికి వచ్చిన పిల్లలకు. మీ తాతయ్య చెప్పిన కథే మళ్లీ చెబుతున్నాడని విసుక్కోకండి. ఈసారి మధ్యలో ఒక ప్రశ్న అడగండి. "చేతికి ఎలా తెలిసేది?" అని అడగండి. మేం ఆదివారం చెబుతామంటే మాత్రం ఒప్పుకోవద్దు, అప్పుడే చెప్పించుకోండి.

భోజనాలయ్యాక పక్క గదిలో మా మనవరాలు కంప్యూటర్ పెడుతుంది. మెట్టుపాళయం నుంచి బండి బయలుదేరుతుంది. నడపదలచినవారు రావచ్చు. బొగ్గు మాత్రం కొద్దికొద్దిగా వేయండి.