నజాషీ దర్బారు నుంచి ఫిజీ చెరకు తోటల దాకా
(చాగలమర్రి సభలో చేసిన ప్రసంగ పాఠం)



పరదేశంలో పీడనకు గురయ్యే వారి పక్షాన నిలవడం తమ విధి అని క్రైస్తవ సోదరులు చెబుతుంటారు. అది వారి సంగతి, మనకెందుకు అని కొందరు అనుకోవచ్చు. కానీ అటువంటి విధి నిర్వహణ వల్ల మేలు పొందిన వారిలో మన తొలి తరం విశ్వాసులున్నారు. ఖురైషుల హింస భరించలేక సుమారు 615లో వారు సముద్రం దాటి హబషాకు వెళ్లారు. వారిని అప్పగించమంటూ మక్కా దూతలు కానుకలతో వచ్చారు. క్రైస్తవ రాజు నజాషీ హజ్రత్ జాఫర్ (రజి) వాదన విన్నారు, మర్యమ్ సూరా విన్నారు, కానుకలు తిప్పి పంపారు. ఇది మన పిల్లలకూ తెలిసిన వృత్తాంతమే.

అయితే నజాషీకి ఎదురు నిలిచిన పీడకులు పరాయివారు. పీడించేది స్వజనమే అయినప్పుడు ఏం చేయాలి? ఈ కఠినమైన ప్రశ్నకు మన తెలుగువారి వలస చరిత్రలోనే ఒక జవాబుంది.

1879 నుంచి 1916 వరకు 60 వేల మందికి పైగా భారతీయులను చెరకు తోటల పనికి ఫిజీ దీవులకు తరలించారు. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా తమిళులతో పాటు తెలుగువారినీ ఓడలెక్కించారు. వారిలో ముస్లింలూ ఉన్నారు. ఒప్పందం అయిదేళ్లు. దాన్నే కూలీలు ‘గిర్మిట్’ అన్నారు. అప్పగించిన పని పూర్తిచేస్తే పురుషునికి రోజుకు ఒక షిల్లింగు, స్త్రీకి తొమ్మిది పెన్నీలు. పూర్తికాకపోతే కోర్టు, జరిమానా, జైలు. వందమంది పురుషులకు నలభైమంది స్త్రీలు చొప్పున పంపిన ఆ కూలీ లైన్లలో ఎన్ని కుటుంబాలు చితికిపోయాయో, ఎందరు ఆత్మహత్య చేసుకున్నారో తలచుకుంటే నేటికీ మనసు కలుక్కుమంటుంది.

ఆ తోటలు, చట్టం, ఓడలు అన్నీ బ్రిటిష్ సామ్రాజ్యానివే. వాటికి ఎదురు నిలిచిన సి.ఎఫ్. ఆండ్రూస్ కూడా ఆంగ్లేయుడే, క్రైస్తవ మతాచార్యుడే. 1904లో ఢిల్లీ సెయింట్ స్టీఫెన్స్ కళాశాలకు అధ్యాపకుడిగా వచ్చారు. అక్కడి మున్షీ జకావుల్లా సాహెబుపై ఆయనకున్న గౌరవం ఎంతటిదంటే, తరువాత ఆ పెద్దాయన జీవితంపై ఒక గ్రంథమే రాశారు. 1914లో డర్బన్‌లో గాంధీ పాదాలు తాకి తెల్లవారి ఆగ్రహానికి గురయ్యారు. 1915లో పియర్సన్‌తో కలిసి ఫిజీ వెళ్లి, కూలీ లైన్లు తిరిగి, మరుసటి ఏడు నివేదిక ప్రకటించారు. 1917లో మళ్లీ వెళ్లారు. ఆ ఏడే కూలీల సేకరణ ఆగింది. మిగిలిన ఒప్పందాలు 1920 జనవరి 1న రద్దయ్యాయి. ఆయన ఒక్కరే సాధించారని మేము అనడం లేదు. దేశమంతా ఉద్యమించింది. కానీ సాక్ష్యం తెచ్చినవారిలో పాలకుల జాతివాడు ఉండటం వల్ల దానిని కొట్టివేయడం ప్రభుత్వానికి కష్టమైంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. మన మండలంలోని ముత్యాలపాడులో 19వ శతాబ్దంలో పనిచేసిన ఎస్.పి.జి. మిషన్ సంస్థ, అంతకుముందు బార్బడోస్‌లో బానిసలతో చెరకు తోటలు నడిపించింది. ఆండ్రూస్ చేరిన ఢిల్లీ మిషన్ కూడా ఆ సంస్థతో కలిసి పనిచేసినదే. విధి అందరికీ తెలుసు, నెరవేర్చినవారు కొందరే.

ఇక మన సంగతి. పాలస్తీనా కోసం మనం గొంతెత్తుతున్నాం, ఎత్తాలి కూడా. కువైట్‌లో, సౌదీలో పాస్‌పోర్టు లాక్కోబడి, జీతం అందక, యజమాని ఇంట్లో మగ్గుతున్న రాయలసీమ ఆడబిడ్డ విషయంలో మాత్రం మన గొంతు తగ్గుతుంది. ముస్లిం దేశాల పరువు పోతుందన్న జంకు. ఖతార్ 2020లో, సౌదీ 2021లో కఫీల్ నిబంధనలను కొంత సడలించాయి. అయినా సౌదీలో ఇంటిపనివారు నేటికీ సాధారణ కార్మిక చట్టం పరిధిలో లేరు. స్వజనానికి వ్యతిరేకంగానైనా న్యాయం వైపు సాక్ష్యమివ్వాలని నిసా సూరా 135వ ఆయత్ మనల్ని ఆదేశిస్తోంది. ఆ యజమాని మన పక్కన సఫ్‌లో నిలబడేవాడైనా సరే.

అందువల్ల మా ప్రతిపాదన ఇది. ప్రతి మసీదు కమిటీ గల్ఫ్ వెళ్లేవారి పాస్‌పోర్టు, వీసా నకళ్లు, కఫీల్ పేరు, ఏజెంటు ఫోన్ నంబరు ఒక రిజిస్టరులో భద్రపరచాలి. హిందూ, క్రైస్తవ కుటుంబాల వారు వచ్చినా రాయాలి. కష్టమొస్తే ‘మదద్’ పోర్టల్లో ఫిర్యాదు పెట్టడానికి చదువుకున్న పిల్లలు ఇద్దరు సిద్ధంగా ఉండాలి. ముత్యాలపాడు చర్చి పెద్దలను కూడా కలిసి, ఈ పనిలో తోడు రమ్మని అడుగుదాం.