బీజాపూర్ రోడ్డు మీద మనకూ ఇంత చోటు కావాలి

(మండల రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మద్దతు ధర గురించి, యూరియా గురించి మాట్లాడుకునే చోట ఇయ్యాల రోడ్డు ముచ్చట ఎందుకని కొందరు అడిగారు. రోడ్డు కూడా మన సాగులో భాగమే. చేవెళ్ల చుట్టుపక్కల పండే క్యారెట్, బీట్‌రూట్, టమాటా, పూలు చేతిలో పైసలు కావాలంటే బీజాపూర్ రోడ్డు ఎక్కాల్సిందే. కాగితాల్లో అది 163 నంబరు జాతీయ రహదారి. మనకు మాత్రం బీజాపూర్ రోడ్డే.

అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు. దాని పొడుగునా రెండు దిక్కులా దాదాపు 900 మర్రి చెట్లు. నిజాం కాలంలో నాటించారని పెద్దలు చెప్తారు. నా చిన్నప్పుడు మా నాయన కూరగాయల బండి కట్టుకొని రాత్రి పూట పట్నం బయలుదేరేవాడు. తిరిగొచ్చేటప్పుడు పగటి ఎండకు ఏదో ఒక మర్రి కింద ఎడ్లను విప్పి, గడ్డి వేసి, సద్ది తినేవాళ్లం. ఒక్కొక్క చెట్టు కింద ఒక స్టేజీ, చాయ్ హోటల్, సైకిల్ పంక్చర్ దుకాణం, గంపలు దించుకున్న ఆడవాళ్లు. మన ఊళ్లకు ఈ చెట్లే గుర్తులు.

అన్నీ మంచిగానే చెప్పను. మా చెలక రోడ్డును ఆనుకొనే ఉంది. మర్రి నీడ పడ్డ సాళ్లలో పత్తి ఎదగదు. వేర్లు గట్టు దాటి వస్తాయి. అది నష్టమే. కానీ ఎండాకాలం పశువులను కట్టేసేది ఆ నీడకే. మర్రి పండ్లకు వచ్చే పక్షులే మన పంటల మీది పురుగును కూడా ఏరుకు తింటాయి.

ఇప్పుడు గుండె బరువయ్యే మాట చెప్పాలి. 2024 డిసెంబరులో ఆలూరు స్టేజీ దగ్గర రోడ్డు పక్కన కూరగాయలు అమ్ముకుంటున్న మన వాళ్ల మీదికి లారీ దూసుకొచ్చింది. గంపల ముందు కూర్చున్నోళ్లు కూర్చున్నట్టే పోయారు. ఏడాది తిరగకముందే, 2025 నవంబరు 3న మీర్జాగూడ దగ్గర తాండూరు నుంచి పట్నం పోతున్న ఆర్టీసీ బస్సును కంకర టిప్పర్ ఢీకొట్టింది. కంకర మీద పడి, బస్సు నలిగి 19 మంది ప్రాణాలు పోయాయి.

ఆ తర్వాత లోకం రెండుగా చీలింది. చెట్ల కోసం కేసు వేసినోళ్ల వల్లే రోడ్డు ఆగింది, చెట్లు కొట్టేయాలని కొందరన్నారు. చెట్టు ముట్టుకోవద్దని కొందరన్నారు. హరిత ట్రిబ్యునల్‌లో కేసు నడిచింది, పని ఏండ్ల తరబడి ఆలస్యమైంది, అది నిజం. చివరికి చాలా చెట్లను ఉన్నచోటే ఉంచి, కొన్నింటిని తవ్వి వేరేచోట నాటుతామనే దాకా మాట వచ్చింది. కానీ మిత్రులారా, ఆ పంచాయితీ నడిచినన్నాళ్లూ ఒక్క మాట ఎవరూ అడగలేదు. రోడ్డు పక్కన బతికేటోళ్లు ఎక్కడ కూర్చోవాలి? ఎక్కడ దాటాలి?

మనకు వెడల్పు రోడ్డు కావాలి. దవాఖానకు పోయే బిడ్డ క్షేమంగా పోవాలి. దీంట్లో రెండో మాట లేదు. మర్రి చెట్టు అధిక లోడు ఎత్తలేదు, రాంగ్ సైడులో రాలేదు. టిప్పరూ, ఎడ్లబండీ, స్కూలు పిల్లలూ, క్యారెట్ గంపా అన్నీ ఒకే ఇరుకు దారిలో ఉండటమే అసలు జబ్బు. వేగంగా పోయేవాటిని, మెల్లగా పోయేవాటిని విడదీయాలి. చెట్లున్న పాత దారి మెల్లగా పోయేవాళ్లకు ఉండాలి. దాని పక్క నుంచి కొత్త దారి వేగానికి ఉండాలి. అట్ల చేస్తే మనుషులూ బతుకుతారు, చెట్లూ బతుకుతాయి, ఊళ్లూ బతుకుతాయి.

నాలుగు వరుసలు పడి, ఊళ్లకు బైపాస్ వస్తే అంతా చక్కబడుతుందని అనుకోవద్దు. బైపాస్ పడిన ఊళ్లను చూడండి. లారీల భయం పోతుంది, నిజమే. దాంతోపాటు కొనేవాళ్లూ పోతారు. పాత రోడ్డు ఏ శాఖ చేతిలో ఉందో తెలియక గుంతలు పడి, చెట్టు కొమ్మ విరిగి పడ్డా తీసేవాడు ఉండడు. ఇంకో దిక్కు బైపాస్ కింద చెలక రెండు ముక్కలవుతుంది. బోరు ఒక దిక్కు, భూమి ఒక దిక్కు. రోడ్డు వేసిన తర్వాత పైపు దాటించాలంటే అనుమతుల కోసం చెప్పులరగాలి. రోడ్డు వేసేటప్పుడే అడుగున పైపు వేయించుకుంటే ఆ బాధ ఉండదు.

అందుకే మన డిమాండ్లు ఇవి.

ఒకటి, ఆలూరు లాంటి ప్రతి స్టేజీ దగ్గర రోడ్డుకు దూరంగా, గట్టి అడ్డుగోడ వెనుక, రైతులు కూర్చొని అమ్ముకునే అరుగులు, నీడ, తాగునీళ్లు, బండ్లు ఆపే జాగా ఉండాలి. 1999లో రైతు బజార్లు పట్నాలకు వచ్చాయి. రోడ్డు పక్క ఊళ్లకు ఇది మన రైతు బజారు.

రెండు, ట్రాక్టరు, పశువులు, బడి పిల్లలు దాటే చోట అండర్‌పాస్‌లు, ఊళ్ల పొడుగునా సర్వీసు రోడ్డు. ఎక్కడ కావాలో ఊరోళ్లను అడిగే నిర్ణయించాలి.

మూడు, ఉంచిన మర్రి చెట్లకు నంబరు వేసి, లెక్క గ్రామ పంచాయతీలో పెట్టాలి. తవ్వి నాటిన చెట్టుకు నీళ్లు ఎవరు పోస్తారు, ఎన్నేళ్లు చూస్తారు, రాతపూర్వకంగా చెప్పాలి.

నాలుగు, పాత రోడ్డు ఎవరి బాధ్యతో, మరమ్మతు పైసలు ఎక్కడి నుంచో బైపాస్ తెరవకముందే తేల్చాలి.

భూమి పోయేవాళ్లకు ఒక మాట. హైవే చట్టం కింద నోటిఫికేషన్ పడితే అభ్యంతరం చెప్పడానికి 21 రోజులే గడువు. నోటితో చెప్తే లెక్క లేదు, రాసిచ్చి రసీదు తీసుకోవాలి. కొలతల రోజు దగ్గరుండి బోరు, పైపులైను, చెట్లు, పశువుల కొట్టం అన్నీ రాయించాలి. 2015 జనవరి 1 నుంచి 2013 భూసేకరణ చట్టం పరిహారం లెక్కలే హైవే భూములకూ వర్తిస్తాయి. తక్కువ కట్టారనిపిస్తే ఆర్బిట్రేటర్ దగ్గరికి పోయే హక్కు ఉంది. ఒక్కరిగా పోవద్దు, సంఘం తరఫున పోదాం.

వచ్చే గ్రామసభల్లో ఈ నాలుగు డిమాండ్ల మీద తీర్మానాలు చేయించి కలెక్టరు గారికి ఇద్దాం. మీ ఊరి స్టేజీ ఎక్కడ, పశువులు దాటేది ఎక్కడ, ఎన్ని చెట్లున్నాయి, అమ్ముకునేవాళ్లు ఎందరు, ఈ లెక్క ముందు మనమే రాసుకుందాం. పని మొదలైనాక ఎంత మొత్తుకున్నా సిమెంటు జరగదు.

ఆలూరులో, మీర్జాగూడలో పోయినవాళ్ల కోసం ఒక నిమిషం లేచి నిలబడి, ఆ తర్వాత సంతకాల పని మొదలుపెడదాం. సెలవు.